రెండు పాస్‌పోర్టులున్నా మనిషి ఒక్కడే

2022 వేసవిలో కెనడాలోని మిస్సిసాగాలో బంధువుల గృహప్రవేశానికి క్లీవ్‌లాండ్ నుంచి కారులో బయల్దేరాం. నడుపుతున్నది మా పెదనాన్నగారబ్బాయి. పక్క సీట్లో ఆయన బావమరిది. వెనక వదిన, నేను, మా కాళ్ల దగ్గర పులిహోర గిన్నె. అన్నయ్య మొదట బ్రాంప్టన్‌లో కొన్నేళ్లుండి కెనడా పౌరుడయ్యాడు. తర్వాత ఒహాయో వచ్చి స్థిరపడి అమెరికా పౌరసత్వం కూడా తీసుకున్నాడు. బావమరిదిది న్యూజెర్సీలోని ఎడిసన్, అతను అమెరికా పౌరుడు మాత్రమే. ఇద్దరికీ తాగి బండి నడిపిన కేసు, అంటే డీయూఐ, చెరొకటి ఉంది. అన్నయ్యది 2019లో ఒహాయోలో, బావమరిదిది 2020లో న్యూజెర్సీలో. ఇద్దరూ జరిమానాలు కట్టారు, మద్యం తరగతులకు వెళ్లారు, లైసెన్సులు తిరిగి తెచ్చుకున్నారు. అక్కడితో ఆ కథ ముగిసిందనే అనుకున్నారు.

బఫెలో దగ్గర పీస్ బ్రిడ్జి దాటి కెనడా వైపు ఫోర్ట్ ఈరీ చేరాం. బూత్‌లో ఉన్న అధికారిణి పాస్‌పోర్టులు తీసుకుని కాసేపు స్క్రీన్ వైపు చూసి, కారు పక్కన పెట్టి లోపలికి రమ్మంది. లోపల అన్నయ్య కేసు ఏ ఏడాదిదో ఆమే చెప్పింది. అన్నయ్య అవునన్నాడు. ఆయన కెనడా పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టి వెళ్లమంది. తర్వాత బావమరిదిని, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగింది. అతను దాచకుండా చెప్పాడు. రెండు గంటల తర్వాత అతని చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. కెనడాలోకి రావాలన్న అభ్యర్థనను తానే వెనక్కి తీసుకుని తిరిగి వెళ్తున్నట్టు అందులో ఉంది. వదిన పులిహోర ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్ది తమ్ముడి చేతికిచ్చింది. అతను బఫెలోలో ఒక మోటల్లో ఆ రాత్రి ఒంటరిగా గడిపాడు.

మర్నాడు గృహప్రవేశంలో వంద మంది నోట ఒకటే మాట. “చూశారా, రెండు పాస్‌పోర్టులుంటే ఎంత లాభమో! ఒకదానికి మచ్చ పడితే రెండోది చూపించుకోవచ్చు.” ఆ మాట అక్కడితో ఆగలేదు. ఆ తర్వాత డాలస్‌లో విన్నాను, బే ఏరియాలో విన్నాను, హైదరాబాదులో పెళ్లి భోజనాల దగ్గరా విన్నాను. డీయూఐ అంటే పెద్ద ట్రాఫిక్ టికెట్టేననీ, రెండో పౌరసత్వం ఉంటే అదీ పోతుందనీ, అది లేకపోయినా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది కదా అనీ మనవాళ్లు ధీమాగా చెప్పుకుంటున్నారు. ఈ మూడూ తప్పే. నమ్మినవాడి ఉద్యోగాన్నీ, ఇంటినీ, పిల్లల చదువునూ వీధిలో పడేయగల తప్పులివి. అందుకే ఒక్కొక్కటే తీసుకుని మాట్లాడతాను.

ముందు ఆ రోజు నా కళ్లతో చూసిన దాని సంగతి. అన్నయ్య రికార్డును రెండో పాస్‌పోర్టు దాచిందా? ఎక్కడ దాచింది? ఆయన నోరు తెరవకముందే కేసు ఏ ఏడాదిదో అధికారిణే చెప్పింది. ఆమెకు అంతా తెలుసు, తెలిసే పంపింది. కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రం ఆరో సెక్షన్ ప్రకారం ఆ దేశ పౌరుడికి దేశంలోకి వచ్చే హక్కు ఉంది. నేరం చేసినవాడికైనా ఆ హక్కు పోదు. సొంత ఇంటికి వచ్చినవాడిని గుమ్మంలో ఎవరూ ఆపరు, అంతే. ఆ ఇంటి తాళంచెవి పక్క ఇంటి తలుపుకు పనికొస్తుందనుకోవడమే మనవాళ్లు చేస్తున్న పొరపాటు. రెండు పౌరసత్వాలంటే రెండు ఇళ్లు. మూడో ఇంటి దగ్గర ఆయనా, మోటల్లో పడుకున్న బావమరిదీ ఒక్కటే.

ఇక ‘ట్రాఫిక్ టికెట్టు’ మాట. ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. న్యూజెర్సీలో తాగి నడపడాన్ని క్రిమినల్ నేరాల జాబితాలో కాక మోటారు వాహన చట్టం ఉల్లంఘనల్లో లెక్కిస్తారు. విస్కాన్సిన్‌లోనూ మొదటిసారి పట్టుబడితే అది క్రిమినల్ కేసు కాదు. అక్కడి లాయరు ‘ఇది క్రైమ్ కాదు’ అన్నాడంటే అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ ఆ మాట ఆ రాష్ట్రం సరిహద్దు వరకే చెల్లుతుంది. కెనడా అధికారి మన రాష్ట్రం ఆ కేసుకు పెట్టిన పేరు చూడడు. ఇదే పని కెనడాలో చేసి ఉంటే అక్కడి చట్టం కింద ఏ నేరమయ్యేదో చూస్తాడు. కెనడా 2018 డిసెంబర్ 18 నుంచి తాగి నడిపిన నేరానికి గరిష్ఠ శిక్షను ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. పదేళ్ల శిక్ష పడగల నేరమేదైనా వారి ఇమిగ్రేషన్ చట్టంలో ‘తీవ్ర నేరం’ కిందికి వస్తుంది. మనకు నిజంగా పడిన శిక్ష ఎంతన్నది అక్కడ లెక్కలోకి రాదు. చట్టం వేయగల గరిష్ఠ శిక్ష ఎంతన్నదే కొలత. ఎడిసన్ మునిసిపల్ కోర్టులో జరిమానాతో పోయిన కేసు ఫోర్ట్ ఈరీ కౌంటర్ దగ్గర తీవ్ర నేరమైంది అందుకే.

2018 డిసెంబర్ 18కి ముందు చేసిన ఒక్క తప్పయితే, శిక్ష ముగిసిన పదేళ్లకు దానంతటదే పరిహారమైనట్టు కెనడా భావించవచ్చు. ఆ తేదీ తర్వాతి కేసులకు ఆ వెసులుబాటు లేదు. పదేళ్లు గడిచినా, ఇరవై ఏళ్లు గడిచినా అడగకుండా తలుపు తెరుచుకోదు. అయినా మన విందుల్లో ఇప్పటికీ ‘పదేళ్లు ఆగితే చాలు’ అనే పెద్దమనుషులున్నారు. వారు చెప్పేది పాత చట్టం.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. రెండో పాస్‌పోర్టు చూపిస్తే రికార్డు కనపడదంటారు. రికార్డు పాస్‌పోర్టు నంబరుకు అతుక్కుని ఉండదు. పేరు, పుట్టిన తేదీ, వేలిముద్రలు, వీటికి అతుక్కుని ఉంటుంది. ఏ పాస్‌పోర్టు పట్టుకున్నా ఇవి మారవు. కెనడా సరిహద్దు సిబ్బంది అమెరికా పోలీసు రికార్డులు చూడగలరు. అమెరికా సరిహద్దు సిబ్బంది కెనడా పోలీసు రికార్డులు చూడగలరు. ఇది ఎన్నో ఏళ్లుగా ఉన్న ఏర్పాటు. పైగా ఏ పాస్‌పోర్టు చూపించాలన్నది అన్నిచోట్లా మన ఇష్టం కాదు. అమెరికా పౌరుడు అమెరికాలోకి అమెరికా పాస్‌పోర్టు మీదే రావాలని అక్కడి చట్టం. కెనడా పౌరుడు విమానంలో కెనడాకు వెళ్లాలంటే కెనడా పాస్‌పోర్టు ఉండాలని 2016 నవంబర్ నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. అమెరికా పౌరసత్వం కూడా ఉన్నవారికి మాత్రమే అమెరికా పాస్‌పోర్టుతో వెళ్లే మినహాయింపు ఉంది. ఇక ఏది బాగుంటే అది చూపించే వీలెక్కడుంది?

మూడో దేశం సంగతి చూద్దాం. జపాన్ దిగేటప్పుడు నింపే కార్డులో, జపాన్‌లోగానీ మరే దేశంలోగానీ క్రిమినల్ కేసులో దోషిగా తేలారా అన్న ప్రశ్న ఉంది. ఆస్ట్రేలియా వెళ్లే విదేశీయుల కార్డులోనూ నేర శిక్షల గురించి అడుగుతారు. ఆ ప్రశ్న ‘మీరు’ అని మనిషిని అడుగుతోంది. ఏ రంగు పాస్‌పోర్టు పట్టుకుని నిలబడ్డా జవాబు మారదు. మారిస్తే అది అబద్ధం. దేశాలు క్షమించనిది ఆ అబద్ధాన్నే. నిజం దాచి చెప్పినట్టు తేలితే కెనడా ఐదేళ్లపాటు రానివ్వదు. అమెరికా పౌరుడు కానివాడు అమెరికా వీసా కోసం అలాంటి అబద్ధం ఆడి దొరికితే, మినహాయింపు మంజూరైతే తప్ప జీవితాంతం తలుపు మూసుకున్నట్టే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినంత మాత్రాన లోకం కళ్లు మూసుకోదు.

ఇక్కడ ఒక సంగతి మనవాళ్లు గమనించాలి. జపాన్ చట్టం ఆపేది ఏడాది, అంతకు మించి జైలు శిక్ష పడినవారిని. బ్రిటన్‌లోనూ, ఆస్ట్రేలియాలోనూ ప్రధానమైన గీత పన్నెండు నెలల జైలు శిక్ష దగ్గరే ఉంది. జరిమానాతోనో, కొన్నాళ్ల ప్రొబేషన్‌తోనో ముగిసిన మొదటి డీయూఐ సాధారణంగా ఆ గీత దాటదు. అంటే నిజం చెప్పినవాడు చాలా దేశాల్లో లోపలికి వెళ్లగలడు. అబద్ధం చెప్పినవాడు మాత్రం చిన్న తప్పును తీసుకెళ్లి పెద్ద నేరంగా మార్చుకుంటాడు. నిజం చెబితే అరగంట ఆలస్యమయ్యే చోట అబద్ధం చెప్పి ఐదేళ్లు పోగొట్టుకోమని సలహా ఇస్తున్నవారు మనకు హితులా?

ప్రొబేషన్ నడుస్తుండగా ప్రయాణం పెట్టుకునేవారి గురించీ ఒక మాట. ఆ కాలంలో రాష్ట్రం దాటాలన్నా, దేశం దాటాలన్నా చాలాచోట్ల కోర్టు అనుమతో, ప్రొబేషన్ అధికారి అనుమతో కావాలి. రెండో పాస్‌పోర్టు మీద విమానమెక్కితే ఆ షరతు తీరిపోదు. అనుమతి లేకుండా వెళ్లినవాడి మీద వారంటు పుట్టవచ్చు. అది తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఎదురుకావచ్చు.

రెండు దేశాల పౌరుడికి రెండు దేశాల అండ ఉంటుందన్న నమ్మకం కూడా సగమే నిజం. మనిషి తన పౌరసత్వం ఉన్న ఒక దేశంలో పట్టుబడితే, అక్కడ అతణ్ని ఆ దేశ పౌరుడిగానే చూస్తారు. రెండో దేశం అతని తరఫున ఆ దేశాన్ని నిలదీయలేదని 1930 నాటి హేగ్ ఒప్పందం నాలుగో అధికరణంలోనే రాసుకున్నారు. మా అన్నయ్యలాంటివాడు టొరంటోలో తాగి నడిపి దొరికితే, అమెరికా కాన్సులేట్‌కు ఫోన్ చేసి ఆశపడటానికి ఏమీ ఉండదు.

ఓసీఐ కార్డు దగ్గరకొస్తాను, ఎందుకంటే తెలుగు ఇళ్లలో ఎక్కువ గందరగోళం దీని చుట్టూనే. ఈ పథకం మొదలైంది మన హైదరాబాదులోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు. అప్పటి నుంచీ జనం నోట అది ‘డ్యూయల్ సిటిజన్‌షిప్’ అయి కూర్చుంది. పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు. భారత పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్నవాడు భారత పౌరుడు కాడు. ఓసీఐ ఉన్నవాడికి ఓటు లేదు, భారత పాస్‌పోర్టు లేదు. సొరుగులో ఉన్న పాత ఇండియన్ పాస్‌పోర్టును రెండోదిగా వాడవచ్చనుకుంటే అది విడిగా ఇంకో నేరం. ఓసీఐ ఒక దీర్ఘకాల అనుమతి. ఇచ్చిన ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోగలదు. రెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడగల నేరంలో చార్జిషీటు దాఖలైనా ఓసీఐ రద్దు చేయవచ్చని కేంద్ర హోంశాఖ 2025 ఆగస్టులో నోటిఫికేషన్ ఇచ్చింది. మామూలు డీయూఐ అంతదూరం వెళ్లదు. కానీ ఆ రాత్రి కారు కింద ఒక మనిషి పడితే వెళ్తుంది. అప్పుడు తెనాలిలోనో, కరీంనగర్‌లోనో ఉన్న తల్లిని చూడటానికి వెళ్లే దారే మూసుకుపోవచ్చు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది మరొకటి ఉంది. రెండు పౌరసత్వాలున్నవాళ్లు మనలో ఎంతమంది? కొద్దిమంది. ‘ఏం కాదులే’ అన్న వాళ్ల మాట విని ధైర్యం తెచ్చుకుని స్టీరింగ్ పట్టుకునేది పక్కన కూర్చున్న హెచ్‌-1బీ కుర్రాడు, మాస్టర్స్ చదువుతున్న పిల్ల, కొత్తగా పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చిన దంపతులు. వాళ్లకు ఒక్క పాస్‌పోర్టే, అదీ భారత్‌ది. కెనడాలో పీఆర్ ఉన్నవాడు తాగి నడిపి దోషిగా తేలితే, వెయ్యి డాలర్ల కనీస జరిమానాతో బయటపడినా సరే, తీవ్ర నేరం కింద పీఆర్ పోగొట్టుకుని దేశం వదలాల్సి రావచ్చు. అమెరికాలో వీసా మీద ఉన్నవాడు అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే విదేశాంగ శాఖ అతని వీసాను రద్దు చేయగలదు. 2015 నుంచి ఇది నడుస్తోంది. అతను అమెరికాలో ఉన్నంతకాలం ఉద్యోగం సాగవచ్చు. నాన్నకు బాగాలేదని ఇంటికి వచ్చాడా, మళ్లీ కొత్త వీసా వచ్చేదాకా వెనక్కి వెళ్లలేడు. గత ఐదేళ్లలో మద్యం కేసులో ఒక్క అరెస్టు ఉన్నా కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని రమ్మంటారు. ఆ రిపోర్టు వచ్చేదాకా అమెరికాలో అద్దె, కారు వాయిదా, ఉద్యోగం అన్నీ అతని కోసం ఎదురుచూస్తూ ఉండవు.

హైదరాబాదులో ఉన్నవారూ ఇది తమది కాదనుకోకూడదు. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు మించితే నేరమే. అమెరికాలో చాలా రాష్ట్రాల హద్దు ఎనభై. అంటే మన చట్టమే ఎక్కువ కఠినం. మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. రేపు అమెరికా వీసా ఫారం నింపేటప్పుడు, ఎప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పండి అని ఆ ఫారం అడుగుతుంది. కూకట్‌పల్లిలో శనివారం రాత్రి ఊదిన గొట్టం అక్కడ జవాబు అడుగుతుంది. అమెరికాలో రికార్డు చెరిపించుకున్నా ఆ ప్రశ్నకు అదే జవాబు.

ఒక అభ్యంతరం నాకు ఎదురవుతుంది. ఒక్క రాత్రి చేసిన తప్పుకు బతుకంతా శిక్షా? ఈ ప్రశ్న అడిగేవారి బాధ నాకు అర్థమవుతుంది. అక్కా తమ్ముళ్లు వంతెన దగ్గర విడిపోయిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. కెనడా చట్టం కఠినమైనదే. ఎంతో కాలం క్రితం తాగడం మానేసినవాడినీ, నిన్న రాత్రి తాగినవాడినీ కౌంటర్ దగ్గర ఒకే గాటన కడుతుందనీ ఒప్పుకుంటాను. అది మారాలని అడగడం న్యాయమే. కానీ చట్టం కఠినమైనదని చెప్పడం వేరు, దాన్ని ఏమార్చమని చెప్పడం వేరు. ఇదే చట్టం దారులు కూడా ఉంచింది. అత్యవసరమైతే తాత్కాలిక నివాస అనుమతి అడగవచ్చు. శిక్ష పూర్తయి, లైసెన్సు మీద నిషేధం ముగిసిన ఐదేళ్లకు పునరావాసం కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఒకసారి మంజూరైతే ఆ కేసు ఇక ఎప్పుడూ అడ్డురాదు. ఈ దారులన్నీ మొదలయ్యేది నిజం దగ్గరే. కోర్టు ముద్ర ఉన్న తీర్పు ప్రతి, జరిమానా రసీదు, తరగతులు పూర్తి చేసిన పత్రం, ఎఫ్‌బీఐ రికార్డు, ఆ రాత్రి ఏం జరిగిందో సొంత మాటల్లో రాసుకున్న ఉత్తరం, వాళ్లు అడిగేవి ఇవే. దాచాలనుకున్నవాడి దగ్గర ఇవేవీ ఉండవు.

ఇంకా ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఇంతసేపు పాస్‌పోర్టుల గురించీ వీసాల గురించీ మాట్లాడాను. కానీ ఈ చట్టాలు ఇంత కఠినంగా ఎందుకయ్యాయి? 2022లో ఒక్క అమెరికాలోనే తాగి నడిపిన ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారు. వాళ్లలో రోడ్డు పక్కన నడుస్తున్నవారున్నారు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలున్నారు. ‘టికెట్టే కదా’ అన్న మాట ఆ ఇళ్ల ముందు నిలబడి అనగలమా? మన సంఘాల్లో, మన విందుల్లో, తాగినవాడి చేతిలోంచి తాళాలు తీసుకోవడానికి మొహమాటపడతాం. మర్నాడు బెయిలుకు మాత్రం లాయరును వెతికి పెడతాం. మర్యాద అంటే ఇదేనా? ఆ రెండు రాత్రులూ ఉబర్‌కయ్యే నలభై డాలర్లు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ రెండు కేసులూ ఉండేవి కావు. ఈ మాట మా అన్నయ్యే అన్నాడు.

ఇక నుంచి మీ ఇంట్లో విందు జరిగి, ఎవరైనా ‘రెండు పాస్‌పోర్టులుంటే ఏం కాదు’ అన్నప్పుడు మౌనంగా ఊరుకోకండి. అది తప్పని అందరి ముందూ చెప్పండి. వినే కుర్రాళ్ల కోసమైనా చెప్పండి. గ్లాసు పట్టుకున్నవాడి తాళాలు అడిగి తీసుకోండి. అప్పటికే కేసు పడినవాడు మీ బంధువైతే, దాచమని కాకుండా కోర్టు కాగితాలు తెచ్చుకోమని చెప్పండి. ప్రయాణానికి ముందే ఆ దేశపు ఇమిగ్రేషన్ లాయరును కలవమనండి.

లైసెన్సు తిరిగొచ్చిన నాటి నుంచి ఐదేళ్లు నిండాక బావమరిది కెనడాకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఉత్తరం తనే రాశాడు, ఏమీ దాచలేదు. జవాబు ఇంకా రాలేదు. అన్నయ్య 2019 తర్వాత తాగి స్టీరింగ్ ముట్టుకోలేదు.